పంది కిడ్నీ కోసం ఆగాలా, అమ్మ కిడ్నీ సంగతి తేల్చుకోవాలా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా తమ్ముడికి 38 ఏళ్లు. బీపీ ఉన్న సంగతి మొదట తెలియక, తెలిశాక పట్టించుకోక రెండు కిడ్నీలూ పాడు చేసుకున్నాడు. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. వాడి రక్తం ఓ పాజిటివ్. మా మరదలికి షుగర్ ఉన్నందువల్ల ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. మా అమ్మకు 59 ఏళ్లు. ఆరోగ్యంగానే ఉంది, కిడ్నీ ఇస్తానని పట్టుబడుతోంది. కానీ ఆమెది బీ పాజిటివ్ కాబట్టి కుదరదని బంధువులంతా తేల్చేశారు. అమెరికాలో పంది కిడ్నీని మనుషులకు పెడుతున్నారనీ, శరీరం దాన్ని తిరస్కరించకుండా కొత్త ఆవిష్కరణలు వచ్చాయనీ, వాటికి పేటెంట్లు కూడా ఇచ్చారనీ ఈ మధ్య చదివాను. ఒకటి రెండేళ్లు ఓపిక పడితే అది మన దగ్గరికీ వస్తుందా? కరీంనగర్‌లో ఒకాయన 35 లక్షలిస్తే విదేశంలో ఏర్పాటు చేయిస్తానంటున్నాడు, నమ్మవచ్చా? అయినవోలు మల్లన్నకు ఏటా బోనం చేసే ఇల్లు మాది. పంది అవయవం అనగానే అమ్మకు మనసొప్పడం లేదు. ఈ ఆవిష్కరణలు ఏమిటో, ఎంతవరకు నమ్మదగినవో వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనదానికి ముందుగా జవాబు చెబుతాను. పంది కిడ్నీ వస్తుందన్న ఆశతో మీ తమ్ముడి విషయంలో ఒక్క నెల కూడా ఆగవద్దు. ఆ పరిశోధన బూటకమని నేననడం లేదు. గత ముప్పై ఏళ్లలో వైద్యశాస్త్రం సాధించిన గట్టి విజయాలలో అదొకటి. అయితే ఆ శాస్త్రవేత్తలు పంది కిడ్నీ దగ్గర ఎదుర్కొన్న మొదటి అడ్డంకి, మీ అమ్మగారి కిడ్నీకి మీ తమ్ముడి శరీరంలో ఉన్న అడ్డంకి దాదాపు ఒకే జాతికి చెందినవి. మీ అమ్మగారి విషయంలో దాన్ని దాటే పద్ధతి హైదరాబాదులోనే అందుబాటులో ఉంది. బంధువులు తేల్చేసిన మాటను ఒక నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) చేత తేల్పించుకోవలసి ఉంది. ఆ పని ఇంకా జరగలేదని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపిస్తోంది.

రక్తం గ్రూపు అంటే ఏమిటో ఒకసారి చూస్తే ఈ రెండు సంగతులకూ ఉన్న సంబంధం తెలుస్తుంది. మన ఎర్ర రక్తకణాల మీద, రక్తనాళాల లోపలి పొర మీద సన్నని చక్కెర గొలుసులు ఉంటాయి. ఆ గొలుసు చివర ఏ చక్కెర అణువు తగులుకుని ఉన్నదనేదాన్ని బట్టి ఏ, బీ గ్రూపులు ఏర్పడతాయి. ఏదీ లేకపోతే ఓ గ్రూపు. బీ గ్రూపు వారిలో ఆ చివర ఉండేది గెలాక్టోజ్ అనే చక్కెర. పందితో పాటు చాలా క్షీరదాల కణాల మీద ఉండే ఆల్ఫా గాల్ అనే గుర్తు కూడా గొలుసు చివర అదే బంధంతో అతుక్కున్న గెలాక్టోజే; బీ గ్రూపు గొలుసులో పక్కన ఫ్యూకోజ్ అనే మరో చక్కెర అదనంగా ఉంటుంది, అంతే తేడా. మనుషులూ, కోతుల్లో కొన్ని జాతులూ ఈ ఆల్ఫా గాల్‌ను తయారుచేసే శక్తిని పరిణామ క్రమంలో ఎప్పుడో కోల్పోయాయి. మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల మీద మాత్రం ఇలాంటి చక్కెరలు ఉంటాయి కాబట్టి, పసితనం నుంచే మన రక్తం వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. మనిషి రక్తంలో తిరిగే యాంటీబాడీలలో సుమారు 1 శాతం దాకా ఈ ఆల్ఫా గాల్‌కు వ్యతిరేకమైనవేనని అంచనా. మీ తమ్ముడిలాంటి ఓ గ్రూపు వారిలో వీటితో పాటు ఏ, బీ గుర్తులకు వ్యతిరేకమైన యాంటీబాడీలు కూడా ఉంటాయి. పందిని జీవితంలో ముట్టనివారిలోనూ పంది అవయవాన్ని కాదనే ఆయుధాలు ముందే సిద్ధంగా ఉండటానికి కారణం ఇది.

జన్యు మార్పులేవీ చేయని పంది కిడ్నీని మనిషి రక్తనాళాలకు కలిపి బిగింపు వదిలితే ఏమవుతుందో బబూన్లు అనే కోతుల మీద చేసిన ప్రయోగాలలో తెలిసింది. రక్తం ప్రవేశించగానే కిడ్నీ ఆరోగ్యకరమైన గులాబీ రంగులోకి వస్తుంది. కాసేపటికే దాని మీద నీలి మచ్చలు తేలతాయి, అది మెత్తబడి, వాచి, నల్లబడుతుంది. మూత్రం చుక్క రాదు. కొన్నిసార్లు శస్త్రచికిత్స బల్ల మీదే, నిమిషాలలో ఇదంతా ముగుస్తుంది. జరిగేది ఇది: యాంటీబాడీలు ఆల్ఫా గాల్‌ను పట్టుకుంటాయి, పట్టుకున్న చోట కాంప్లిమెంట్ అనే రక్త ప్రోటీన్ల వరుస ఒకదాన్నొకటి మేల్కొల్పుకుంటూ వచ్చి రక్తనాళాల లోపలి పొరకు చిల్లులు పొడుస్తుంది, చిల్లు పడిన చోటల్లా రక్తం గడ్డకడుతుంది. దీన్ని అతితీవ్ర తిరస్కరణ అంటారు. మనం రోజూ వేసే మందులు ఏవీ దీన్ని ఆపలేవు, ఎందుకంటే ఆ మందులు యాంటీబాడీలు కొత్తగా పుట్టకుండా చూడగలవే తప్ప, అప్పటికే రక్తంలో ఉన్నవాటిని మాయం చేయలేవు.

అందువల్ల తొలి ఆవిష్కరణలన్నీ రోగిని వదిలి పందిని మార్చే దారి పట్టాయి. 1990ల మొదట్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో డేవిడ్ వైట్ బృందం చేసిన ఆలోచన చాలా తెలివైనది. మనిషి కణాలు తమ సొంత కాంప్లిమెంట్ దాడికి గురికాకుండా తమ మీద కొన్ని రక్షక ప్రోటీన్లను మోస్తుంటాయి. సీడీ46, సీడీ55, సీడీ59 అని వాటి పేర్లు. ఆ మానవ జన్యువును పంది పిండంలో చేర్చితే, పుట్టిన పంది కణాలు కూడా ఆ రక్షణను మోస్తాయి. సీడీ55 జన్యువుతో అలాంటి మొదటి పంది 1992లో పుట్టింది. దాని సంతతి అవయవాలు బబూన్లలోనూ ఇతర కోతుల్లోనూ నిమిషాల గండాన్ని దాటి రోజులు, వారాలు పనిచేశాయి.

రెండో మలుపుకు క్లోనింగ్ అవసరమైంది. ఆల్ఫా గాల్‌ను అంటించే ఎంజైమును తయారుచేసే జన్యువు పేరు జీజీటీఏ1. దాన్ని పూర్తిగా పనికిరాకుండా చేయాలంటే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులనూ చెడగొట్టాలి. డాలీ గొర్రెను పుట్టించిన పద్ధతితో 2002లో రెండు ప్రతులూ లేని పందిపిల్లలు పుట్టాయి. ఆ రోజుల్లో ఈ రంగంలో ఉన్న చాలామంది సమస్య తీరిపోయినట్టేనని అనుకున్నారు. అయితే చెరువు కట్టకు ఒక గండి పూడిస్తే నీరు మరో బలహీనమైన చోటును వెతుక్కున్నట్టు, ఆల్ఫా గాల్ పోయిన తరువాత మిగతా గుర్తులు బయటపడ్డాయి. సీఎంఏహెచ్ అనే జన్యువు తయారుచేసే ఒక సియాలిక్ ఆమ్లం, బీ4గాల్‌ఎన్‌టీ2 అనే జన్యువు తయారుచేసే మరో చక్కెర గుర్తు మన యాంటీబాడీలకు లక్ష్యాలని తేలింది. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతి వచ్చాక ఈ మూడింటినీ ఒకేసారి తొలగించడం తేలికైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పందులలో చాలావరకు ఈ మూడు చక్కెరలూ లేనివే. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో నిస్సందేహంగా గెలిచామని చెప్పుకోదగిన భాగం ఇదే.

అంతటితో అవయవం నిలబడదు. పంది రక్తనాళాల లోపలి పొర మీద ఉండే గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్లు మన రక్తంతో సరిగా పొసగవు. యాంటీబాడీల గొడవ లేకపోయినా చిన్నచిన్న నాళాల్లో రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దానికి విరుగుడుగా మానవ థ్రాంబోమాడ్యులిన్, ఈపీసీఆర్ అనే రెండు ప్రోటీన్ల జన్యువులను చేర్చారు. మన శరీరంలోని భక్షక కణాలకు ‘నేను మనవాడినే’ అని చెప్పే సీడీ47నూ, వాపును తగ్గించే మరో జన్యువునూ జోడించారు. పంది తన వేగంతో పెరుగుతుంది కాబట్టి, పెట్టిన అవయవం కూడా పెరిగి ఛాతీలోనో పొట్టలోనో ఇరుకవుతుందన్న భయంతో పెరుగుదల హార్మోను గ్రాహకాన్ని తొలగించారు. ఇలా నాలుగు పంది జన్యువులు తీసేసి, ఆరు మానవ జన్యువులు చేర్చిన పది మార్పుల పందిని అమెరికాలో రివివికార్ అనే సంస్థ పెంచుతోంది. ఈజెనెసిస్ అనే మరో సంస్థ మార్గం కొంత వేరు. పంది జన్యువుల్లోనే తరతరాలుగా దాగి ఉండే రెట్రోవైరస్‌లు మనిషికి అంటుకోవచ్చన్న అనుమానం 1990ల చివర్లో ఈ రంగాన్ని దాదాపు స్తంభింపజేసింది; ఆ సంస్థ క్రిస్పర్‌తో 59 చోట్ల ఆ వైరస్‌లను నిర్వీర్యం చేసి, మూడు చక్కెరలు తీసేసి, ఏడు మానవ జన్యువులు చేర్చి, మొత్తం 69 మార్పులున్న పందిని తయారుచేసింది. దాని కంటే ముందటి దశలో అలాంటి కిడ్నీతో ఒక మకాక్ కోతి 758 రోజులు బతికినట్టు 2023లో ప్రచురించారు.

ఇంత చేసినా మిగిలేది మన టీ కణాల సంగతి. ఇవి పరాయివాటి మీద దాడి చేసే ఒక రకం తెల్ల రక్తకణాలు. ఇవి చక్కెరలతో ఆగవు, పంది ప్రోటీన్లన్నిటినీ పరాయివిగా గుర్తిస్తాయి. మనిషి కిడ్నీ పెట్టినప్పుడు వాడే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే మూడు మందుల కలయిక మాత్రమే దీనికి చాలదని బబూన్ల ప్రయోగాలలోనే తేలింది. టీ కణమూ, దానికి శత్రువును చూపించే కణమూ ఒకదానితో ఒకటి చేయి కలిపే చోట సీడీ40, సీడీ154 అనే రెండు ప్రోటీన్లు ఉంటాయి. ఆ కలయికను అడ్డుకునే యాంటీబాడీ మందులు వచ్చాకే జంతువులలో అవయవాల ఆయుష్షు నెలల నుంచి ఏళ్లకు పెరిగింది. మహమ్మద్ మొహియుద్దీన్ బృందం బబూన్ పొట్టలో అమర్చిన పంది గుండె 945 రోజులు కొట్టుకున్నదంటే, జన్యు మార్పులతో పాటు ఈ మందుకు కూడా అందులో పెద్ద వాటా ఉంది. పత్రికలు పంది గురించే రాస్తాయి, ఈ మందుల గురించి రాయవు. రోగి రోజువారీ కష్టమంతా మాత్రం ఈ మందుల దగ్గరే ఉంటుంది.

ఇక మనుషులలో ఏమైందో చూద్దాం. 2022 జనవరి 7న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెనెట్ అనే రోగికి పది మార్పుల పంది గుండె అమర్చారు. ఆయన రెండు నెలలు బతికారు. ముందుగా చేసిన పరీక్షలకు చిక్కని ఒక పంది వైరస్ ఆ గుండెలో దాగి ఉన్నట్టు తరువాత కనుగొన్నారు. కిడ్నీ విషయానికి వస్తే, 2024 మార్చి 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రిచర్డ్ స్లేమన్‌కు 69 మార్పుల పంది కిడ్నీ పెట్టారు. ఎనిమిదో రోజున టీ కణాల తిరస్కరణ మొదలైతే మందులతో అదుపు చేశారు. సుమారు రెండు నెలలకు ఆయన హఠాత్తుగా గుండె కారణంగా మరణించారు. మరణించేనాటికి కిడ్నీలో తిరస్కరణ లక్షణాలు లేవని శవపరీక్షలో తేలింది.

మీరు అన్నిటికంటే శ్రద్ధగా గమనించవలసినది టొవానా లూనీ అనే మహిళ అనుభవం. ఆమె ఒకప్పుడు తన తల్లికి ఒక కిడ్నీ దానం చేసిన మనిషి. తరువాత మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతిని డయాలసిస్‌కు వచ్చారు. ఆమె రక్తంలో మానవ కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు విపరీతంగా ఉండటంతో సరిపోయే మనిషి కిడ్నీ దొరకలేదు. 2024 నవంబరులో న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్‌లో రాబర్ట్ మాంట్‌గోమరీ బృందం ఆమెకు పంది కిడ్నీ అమర్చింది. అది 130 రోజులు పనిచేసింది. ఆమెకు ఇన్ఫెక్షన్ రావడంతో దాన్ని ఎదుర్కోవడానికి రోగనిరోధక శక్తిని అణచే మందుల మోతాదు తగ్గించవలసి వచ్చింది. తగ్గించగానే తిరస్కరణ మొదలై, 2025 ఏప్రిల్‌లో కిడ్నీని తీసేసి ఆమెను మళ్లీ డయాలసిస్‌కు పంపారు. మందు ఎక్కువైతే ఇన్ఫెక్షన్, తక్కువైతే తిరస్కరణ. ఈ రెండింటి నడుమ దారి మనిషి కిడ్నీ పెట్టినవారికీ ఇరుకే. పంది కిడ్నీ పెట్టినవారికి ఇప్పటికైతే ఇంకా ఇరుకు. 2025 జనవరిలో బోస్టన్‌లోనే టిమ్ ఆండ్రూస్‌కు పెట్టిన కిడ్నీ 271 రోజులు పనిచేశాక, దాని పనితీరు పడిపోవడంతో అక్టోబరులో తీసేశారు.

ఈ లెక్కలు చూసి పరిశోధన విఫలమైందని అనుకోవద్దు. నిమిషాలలో నల్లబడిన కిడ్నీ తొమ్మిది నెలలు మూత్రం పోయడం మామూలు విషయం కాదు. తల్లి ఇచ్చిన కిడ్నీ మాత్రం మంచిగా చూసుకుంటే చాలామందిలో పది, పదిహేనేళ్లు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం పనిచేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 ఫిబ్రవరిలో పంది కిడ్నీల మీద పద్ధతి ప్రకారం క్లినికల్ ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చింది. వాటిలో ఒకదానికి మొదట తీసుకునేది 55 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి, మామూలు మార్పిడికి అర్హత లేనివారిని, లేదా నిరీక్షణ జాబితాలో ఉన్నా తమ వంతు వచ్చేదాకా బతికే అవకాశం తక్కువగా ఉన్నవారిని. కిడ్నీ ఇవ్వడానికి తల్లి సిద్ధంగా ఉన్న 38 ఏళ్ల మనిషి అక్కడ పుట్టి ఉన్నా ఆ ట్రయల్‌లో చోటు దొరకదు. ఆ దేశపు వైద్యులే మీ తమ్ముడిని మీ అమ్మగారి దగ్గరికి తిప్పి పంపుతారు.

పేటెంట్ల సంగతి రెండు మాటల్లో చెబుతాను. పేటెంట్ వచ్చిందంటే ఆ ఆలోచన కొత్తదనీ, ఇంతకుముందు ఎవరూ ప్రకటించలేదనీ ఒక కార్యాలయం ఒప్పుకున్నట్టు మాత్రమే. అది రోగికి సురక్షితమని గానీ, పనిచేస్తుందని గానీ ఆ కార్యాలయం పరీక్షించదు. ఆ పని ఔషధ నియంత్రణ సంస్థలది. మన దేశపు 1970 నాటి పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం జంతువులను గానీ, వాటి అవయవాలను గానీ, మనుషులకు చేసే చికిత్సా పద్ధతులను గానీ పేటెంట్ చేయడానికి వీల్లేదు. ‘పేటెంట్ పొందిన చికిత్స’ అని ఎవరైనా కాగితం చూపితే దాన్ని నాణ్యతకు ముద్రగా తీసుకోవద్దు.

కరీంనగర్ పెద్దమనిషి విషయంలో మాత్రం నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. పంది కిడ్నీని డబ్బు కట్టిన వారికి అమ్మే ఆసుపత్రి ప్రపంచంలో చట్టబద్ధంగా ఎక్కడా లేదు. ఇప్పటిదాకా జరిగినవన్నీ ప్రత్యేక అనుమతితో, పరిశోధనలో భాగంగా జరిగినవే. అలాంటప్పుడు ఆ 35 లక్షలకు ఆయన ఏర్పాటు చేసేది ఏమిటి? ఏమీ లేకపోవచ్చు. లేదా, పంది పేరు చెప్పి, ఎవరో పేదవాడి కిడ్నీ కొనిపించే బేరమైనా కావచ్చు. అవయవాల క్రయవిక్రయాలకు మన చట్టంలో ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మధ్యవర్తితో పాటు డబ్బిచ్చి కొన్నవారికీ అది వర్తిస్తుంది. మన దేశంలో అనుమతి లేకుండా ఇలాంటి సాహసం ఒకటి జరగకపోలేదు. 1997లో గువాహటి దగ్గర ధనీరామ్ బరువా అనే వైద్యుడు ఒక రోగికి పంది గుండె అమర్చారు. ఆ రోగి వారం రోజులకు మరణించాడు. వైద్యుడిని అవయవ మార్పిడి చట్టం కింద అరెస్టు చేశారు. ఆల్ఫా గాల్ లేని పంది అప్పటికి ప్రపంచంలోనే పుట్టలేదన్న సంగతి గుర్తుపెట్టుకుంటే, ఆ శస్త్రచికిత్స ఫలితం ఎలా ఉండేదో వేరే చెప్పనవసరం లేదు.

మీ అమ్మగారి అయిష్టాన్ని తేలిగ్గా తీసిపారేయవద్దు. అవయవం అన్నది మనసుకు కూడా పట్టవలసిన విషయమే. అయితే ఆమెకు ఒక సంగతి తెలిస్తే మంచిది. డయాలసిస్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ఎక్కించే హెపారిన్ మందును ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తారు. పాడైన గుండె కవాటాల స్థానంలో పంది కవాటాలను అమర్చడం కొన్ని దశాబ్దాలుగా జరుగుతోంది. వాటిని గ్లూటరాల్డిహైడ్‌లో ఊరబెట్టి, అందులోని జీవకణాలను చంపి వాడతారు కాబట్టి మన శరీరం వాటిని ఆ స్థాయిలో తిరస్కరించదు. మూత్రం వడగట్టే పని జీవమున్న కణాలే చేయాలి కాబట్టి కిడ్నీని అలా ఊరబెట్టి వాడలేరు. ఇదంతా ఆమెను ఒప్పించమని చెప్పడం లేదు. ప్రస్తుతం ఆమె ఒప్పుకోవలసింది పంది గురించి కాదు, తన కిడ్నీ గురించి. దానికి ఆమె ఎప్పుడో సిద్ధమయ్యారు.

ఆ సంగతికే వస్తాను. బీ గ్రూపు దాత కిడ్నీని ఓ గ్రూపు రోగికి పెట్టడాన్ని గ్రూపు కలవని మార్పిడి అంటారు. మరణించినవారి అవయవాలు దొరకడం చాలా తక్కువ కాబట్టి, జపాన్‌లో 1989 నుంచి ఇది విరివిగా జరుగుతోంది. హైదరాబాదులోనూ కొన్ని ఆసుపత్రులు చేస్తున్నాయి. మొదట మీ తమ్ముడి రక్తంలో బీ గుర్తుకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఎంత గాఢంగా ఉన్నాయో కొలుస్తారు. రక్తపు సీరాన్ని రెట్టింపు రెట్టింపుగా పలచన చేస్తూ పోయి, ఎన్నో పలచన దాకా బీ రక్తకణాలు గుమిగూడుతున్నాయో చూస్తారు. 1:64 అనో 1:256 అనో రిపోర్టులో రాసి ఉండే అంకె అదే. దాన్ని టైటర్ అంటారు. అది ఎక్కువగా ఉంటే, యాంటీబాడీలను తయారుచేసే కణాలకు మూలమైన బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజక్షన్ ముందుగా ఇచ్చి, తరువాత ప్లాస్మాను యంత్రం ద్వారా మార్చి గానీ, ప్రత్యేకమైన జల్లెడ స్తంభం గుండా పంపి గానీ టైటర్‌ను దించుతారు. అది 1:8 లేదా ఆ చుట్టుపక్కలకు దిగాకే చాలా కేంద్రాలు శస్త్రచికిత్సకు ఒప్పుకుంటాయి. పంది విషయంలో ఆల్ఫా గాల్‌ను అవయవం నుంచే తీసేశారు. ఇక్కడ అమ్మ కిడ్నీని మార్చలేం కాబట్టి రోగి రక్తంలోని యాంటీబాడీలను తీసేస్తారు. మార్పిడి తరువాత కొన్ని వారాలకు ఆ యాంటీబాడీలు మళ్లీ కొంత పెరిగినా, ఆ సరికి చాలామందిలో కిడ్నీ వాటిని తట్టుకోవడం అలవాటు చేసుకుంటుంది.

ఇందులో కష్టాలు లేవని చెప్పను. ఓ గ్రూపు వారిలో ఈ టైటర్ మిగతావారి కంటే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. మామూలు మార్పిడి కంటే ఖర్చు ఎక్కువ, మొదటి నెలల్లో ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ. ఆరోగ్యశ్రీలో కిడ్నీ మార్పిడి ఉన్నా, ఈ అదనపు ప్లాస్మా చికిత్సకు ఎంత వరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోండి. గ్రూపు ఒక్కటే పరీక్ష కాదు. క్రాస్‌మ్యాచ్ అని మరొకటి చేస్తారు: అమ్మగారి తెల్ల రక్తకణాలను తమ్ముడి సీరంలో కలిపి, కాంప్లిమెంట్ చేర్చి, ఎన్ని కణాలు చనిపోయాయో సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. అది పాజిటివ్ వస్తే సమస్య గ్రూపు కంటే పెద్దది. అమ్మగారికి కిడ్నీ పనితీరు, బీపీ, షుగర్, కిడ్నీ రక్తనాళాల సీటీ పరీక్షలన్నీ చేసి, ఒక కిడ్నీతో ఆమె నిశ్చింతగా ఉండగలరని తేలితేనే దాతగా ఒప్పుకుంటారు. 59 ఏళ్ల వయసు దానికదే అడ్డు కాదు.

ఇంకో మార్గం మార్పిళ్ల మార్పిడి. అంటే మీలాగే గ్రూపు కలవని మరో కుటుంబంతో దాతలను ఇచ్చిపుచ్చుకోవడం. 2011 నాటి చట్ట సవరణ దీనికి వీలు కల్పించింది. తెలంగాణ శాసనసభ దాన్ని స్వీకరిస్తూ 2025 మార్చిలో తీర్మానం చేసింది. అయితే మీ జంటకు ఇది త్వరగా కుదురుతుందని ఆశ పెట్టలేను. ఏ దాతా బీ రోగీ ఉన్న కుటుంబం, బీ దాతా ఏ రోగీ ఉన్న కుటుంబం ఒకరికొకరు సరిపోతారు. ఓ రోగికి ఓ దాతే కావాలి. ఓ దాత ఉన్న కుటుంబం సాధారణంగా ఇంట్లోనే పని ముగించుకుంటుంది, బయట జత వెతకదు. అయినా పేరు నమోదు చేయించండి.

మూడోది జీవన్‌దాన్. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను మన రాష్ట్రంలో పంపిణీ చేసే ప్రభుత్వ వ్యవస్థ ఇది. దీనికి కేంద్రం హైదరాబాదులోని నిమ్స్. కిడ్నీ మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే పేరు నమోదు అవుతుంది, వరంగల్‌లో డయాలసిస్ చేయించుకుంటున్నంత మాత్రాన మీ తమ్ముడి పేరు జాబితాలో ఉన్నట్టు కాదు. చాలా కుటుంబాలు ఈ ఒక్క పొరపాటుతోనే విలువైన కాలం పోగొట్టుకుంటాయి. ఓ గ్రూపు వారికి నిరీక్షణ ఎక్కువ. అమ్మగారి పరీక్షలు ఒకవైపు జరుగుతుండగానే ఈ నమోదు కూడా చేయించాలి, ఒకటి ముగిశాక ఒకటి అని పెట్టుకోవద్దు.

ఈలోగా మీ తమ్ముడి రక్తాన్ని మార్పిడికి అనువుగా కాపాడుకోవడం మీ చేతుల్లో ఉంది. రక్తం తగ్గిందని ప్రతిసారీ రక్తం ఎక్కించడానికి తొందరపడనివ్వకండి. పరాయి రక్తంతో పాటు వచ్చే తెల్లకణాల వల్ల కొత్త యాంటీబాడీలు పుట్టి, రేపు అమ్మ కిడ్నీనే కాదనే ప్రమాదం ఉంది. రక్తకణాలు పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయటిన్ ఇంజక్షన్లు, ఐరన్ క్రమంగా తీసుకుంటే చాలావరకు ఆ అవసరం రాదు. ప్రాణం మీదికి వచ్చి ఎక్కించక తప్పకపోతే, తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగండి, ఎక్కించిన తేదీ రాసిపెట్టుకోండి. హెపటైటిస్ బీ టీకాలు డయాలసిస్ రోగులకిచ్చే ఎక్కువ మోతాదులో పూర్తయ్యాయో లేదో చూడండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ, డయాలసిస్‌కు తప్ప మరే సూదీ నిషిద్ధం. ఆ చేతిలో వేళ్లకు తగిలే జివ్వుమనే కదలికను రోజూ ఉదయం తాకి చూసుకోమనండి, అది ఆగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

హైదరాబాదు వెళ్లేటప్పుడు తమ్ముడి డయాలసిస్ రికార్డు, వైరస్ పరీక్షల రిపోర్టులు, ఇంతవరకు ఎక్కించిన రక్తం వివరాలు, ఇద్దరి రక్త గ్రూపు కాగితాలు, తల్లీకొడుకుల సంబంధం చూపే ధ్రువపత్రాలు తీసుకుని అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. నెఫ్రాలజిస్టును మూడు ప్రశ్నలు అడగండి: బీ గుర్తుకు వ్యతిరేకంగా టైటర్ ఎంత ఉంది, ఈ ఆసుపత్రిలో గ్రూపు కలవని మార్పిళ్లు చేస్తారా, చేయకపోతే ఎక్కడికి పంపుతారు. టైటర్ పరీక్ష రిపోర్టు వచ్చాక ఆ అంకెతో మళ్లీ రాయండి, జవాబు ఇస్తాను.